నాలుగో సిలిండర్‌లో నీళ్ళు

మా కంపెనీ చేతులు మారే ముందు తన చరిత్రను పుస్తకంగా వేయించుకుంది. నున్నటి కాగితం, గట్టి అట్ట, మొదటి పేజీలో వ్యవస్థాపకుడి ఫొటో. అందులో విశాఖపట్నం ప్రస్తావన ఒక్కచోటే వస్తుంది. అక్కడి లోకో షెడ్డులో ఒక ఫిట్టరు బారింగ్ చెయ్యకుండా, అంటే ముందు చేత్తో తిప్పి చూడకుండా, ఇంజిన్ స్టార్ట్ చేశాడనీ, ఇంజిన్ పగిలిపోయిందనీ, ఆ చేదు అనుభవంతోనే కంపెనీ తన నియమాలను తిరగరాసిందనీ ఉంటుంది. ఫిట్టరు పేరు వెయ్యలేదు. ఆ షెడ్డులో పనిచేసిన ప్రతివాడికీ అతనెవరో తెలుసు.

ఆ మాట నా రిపోర్టులోంచి తీసుకున్నది. అది అబద్ధం. ఆ ఫిట్టరు పేరు మస్తాన్ వలీ. అతను బారింగ్ చేశాడు. సిలిండర్‌లో నీళ్ళున్నాయని నాకు చెప్పాడు. స్టార్ట్ చెయ్యమన్నది నేను.

అసలు సంగతి ముందే చెప్పేస్తున్నాను. సర్వీస్ ఇంజినీర్లుగా కొత్తగా చేరేవాళ్ళు ఇలాంటివి మొదటి పేజీ దాటి చదవరు. ఆ వయసులో నేనూ చదివేవాణ్ణి కాదు.

కంపెనీ

బాయిలర్లకు అతుకులు వేసే చిన్న వర్క్‌షాపుగా మొదలైన కంపెనీ మాది. ఆవిరి ఇంజిన్లు పోతున్న రోజుల్లో మేమంతా పెద్దాయన అనే వ్యవస్థాపకుడు అప్పో సప్పో చేసి డీజిల్ వైపు తిరిగాడు. పెద్ద రైళ్ళు లాగే లోకోలు మేం ఎప్పుడూ చెయ్యలేదు. ఫ్యాక్టరీల లోపల, రేవుల్లో, గనుల దగ్గర తిరిగే పొట్టి లోకోలే మావి. డీజిల్-ఎలక్ట్రిక్ లోకో అంటే పట్టాల మీద నడిచే చిన్న పవర్‌హౌస్ అనుకోండి. ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పదు. అది కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో ఇరుసుల మీది మోటార్లు తిరుగుతాయి.

మా కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉండేది. లోకో గేటు దాటే ముందు, దాన్ని బిగించిన వాళ్ళంతా కంట్రోల్ అల్మరా తలుపు లోపలివైపు సుద్దముక్కతో పేర్లు రాసేవాళ్ళు. నేను ఎక్కడికి వెళ్ళినా కొత్త లోకో తలుపు తెరిచి ముందు ఆ పేర్లు చదివేవాణ్ణి. ఎప్పుడూ చూడని మనుషులే, అయినా ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినట్టుండేది. పెద్దాయన పోయాక వచ్చిన యాజమాన్యం ఆ రాతలు కస్టమరుకు బాగుండవని మాన్పించింది. కంపెనీ ఎప్పుడు అమ్ముడుపోయిందని అడిగితే తేదీ చెప్పగలను. ఎప్పుడు పోయిందని అడిగితే మాత్రం ఆ రోజే అంటాను.

షెడ్డు

నన్ను విశాఖపట్నం పంపినప్పుడు నాకు ముప్ఫై నిండలేదు. ఉక్కు ప్లాంటు లోపలి రైలు పనికి మావి నాలుగు లోకోలు వచ్చాయి. కొలిమి దగ్గర కరిగిన ఇనుమును పొడుగాటి తొట్టి బండ్లలోకి నింపుతారు. వాటిని టార్పెడోలంటారు. లోకో వాటిని ఉక్కు కరిగించే విభాగానికి లాక్కెళ్ళాలి. ఆలస్యమైతే ఇనుము తొట్టిలోనే గడ్డకడుతుంది. ఆ షెడ్డులో అందరి తొందరా అదే.

షెడ్డు ఫోర్‌మన్ సత్తిరాజు గారు. కోనసీమ నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. లావుపాటి కళ్ళద్దాలు, నోట్లో లవంగం. మస్తాన్ వలీ మా కంపెనీ పెట్టుకున్న కాంట్రాక్టు ఫిట్టరు, విశాఖ పాత ఊళ్ళో పుట్టినవాడు. వాళ్ళ నాన్నకు కురుపాం మార్కెట్ దగ్గర తాళాల కొట్టు ఉండేది. మస్తాన్‌కు ఇంజిన్ పని నేర్పి, మాకు సిఫారసు చేసింది సత్తిరాజు గారే. అతను ఆయన్ని ఉస్తాద్ అనేవాడు. ఆయన అతన్ని రోజుకు పాతికసార్లు తిట్టేవారు.

నన్నూ తిట్టేవారు, కాకపోతే మర్యాదగా. చేరిన నెలలో ఒక లోకో బండిని కదపలేకపోతోందని ఫిర్యాదు వచ్చింది. నేను మీటర్లు పెట్టి, డ్రాయింగులు పరిచి, మోటార్లకు కరెంటు సరిగా అందడం లేదని తేల్చాను. అర్ధరోజు గడిచింది. డ్రైవరు అప్పన్న మెట్టు మీద కూచుని చుట్ట నలుపుతూ అంతా చూస్తున్నాడు.

"బావా, సారు ఏటి సేత్తన్నారు?" అని మస్తాన్‌ను అడిగాడు.

"సదువుతన్నారు. నువ్వు మాటాడకు."

"సదువు అయ్యాక సెప్పు. ఆ ఎనకబండికి హ్యాండ్ బ్రేకు ఏసుంది."

షెడ్డంతా నవ్వింది. సత్తిరాజు గారు మాత్రం నవ్వకుండా నా దగ్గరకొచ్చి, "ఇంజినీరు గారూ, తమరు లోకోను చూశారండి. రైలును చూళ్ళేదు. ఆయ్, పర్లేదులెండి, రండి టీ తాగుదాం" అన్నారు.

ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. ఎన్నో శిక్షణలకు పంపారు. ఆ ఒక్క మాటకు మించి ఎక్కడా నేర్చుకోలేదు. ఇప్పటికీ పెందుర్తిలో మా ఇంటి దగ్గర పొద్దున్నే పాలవ్యాను స్టార్ట్ చేస్తే, ఒక్క క్షణం నేను షెడ్డులో ఉన్నాననుకుంటాను. నాలుగు లోకోలూ వరసగా మేలుకునే ఆ అరగంట, గాలిలో డీజిలు వాసన, మొన్నటి పొరపాటు మీద ఇవాళ్టి వేళాకోళం. నా ఉద్యోగంలో మరెక్కడా అలాంటి పొద్దుటిపూట నాకు దొరకలేదు. అది నేనే పాడుచేసుకున్నాను.

కాగితం ముక్కలు

బారింగ్ అంటే ఏమిటో చెప్పాలి. ఇంజిన్ ఒకటి రెండు రోజులు కదలకుండా ఉంటే, లోపల ఎక్కడో సీలు కారి, చల్లార్చే నీళ్ళు సిలిండర్‌లోకి దిగవచ్చు. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీళ్ళను నొక్కలేదు. అలా తెలియకుండా స్టార్ట్ చేస్తే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుకని ముందు ప్రతి సిలిండర్‌కూ ఉన్న చిన్న కుళాయి లాంటి కాక్ తెరిచి, పెద్ద ఇనుపకడ్డీతో ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పుతారు. నీళ్ళుంటే కాక్‌లోంచి బయటికి చిమ్ముతాయి.

సత్తిరాజు గారి షెడ్డులో అంతటితో సరిపెట్టేవారు కాదు. ఒకరు కడ్డీ తిప్పుతుంటే, మరొకరు ఒక్కో కాక్ ముందు పాత వార్తాపత్రిక ముక్క పట్టుకోవాలి. కంటికి కనబడని తుంపర కూడా కాగితం మీద పడుతుంది. నూనె అయితే మరక నిలిచిపోతుంది. నీళ్ళయితే కాగితం ముడుచుకుని, తర్వాత ఆరిపోతుంది. ఆరేలోపు చూడాలి. మా కంపెనీ మాన్యువల్లో ఈ కాగితం సంగతి లేదు. మస్తాన్ మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ ఉదయం

లోకోలు అప్పగించాక ఒక పరీక్ష కాలం ఉండేది. ఆ రోజులన్నీ నాలుగు లోకోలూ షిఫ్టు మొదలయ్యేసరికి సిద్ధంగా ఉండాలి. ఒక్కటి తప్పినా లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి. ఆ పరీక్ష నెగ్గితేనే మాకు మరో ఆర్డరు వస్తుంది. అది చివరి రోజు. హెడ్డాఫీసులో మా సర్వీస్ హెడ్ ముందురోజే రెండుసార్లు ఫోన్ చేశాడు.

మూడో లోకో వారాంతం రెండు రోజులూ నిలబడి ఉంది. మస్తాన్ కాగితం ముక్క ఒకటి పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"సార్, నాలుగో నంబర్లో తడుంది."

చూశాను. మూల కొంచెం ముడుచుకుంది, అంతే.

"ఇది సముద్రపు గాలి భాయ్. ఇనుముకు చెమట పట్టింది."

"సెమట అయితే అన్నిటికీ పట్టాలి కదా సార్? మిగతావి ఎండగున్నాయి. ఓ పూట ఇవ్వండి, హెడ్డు ఇప్పి సూత్తాను."

"పూట ఎక్కడుంది? అరగంటలో షిఫ్టు."

"ఉస్తాద్‌ని పిలవమంటారా?"

సత్తిరాజు గారు అప్పుడు కొలిమి వైపు వెళ్ళి ఉన్నారు. పిలిస్తే ఆయన కాగితం చూస్తారు. చూస్తే లోకోను ఆపేస్తారు. నాకు అది తెలుసు.

"వద్దు. స్టార్ట్ చెయ్యి. నేను చెప్తున్నాను కదా."

మస్తాన్ కాక్‌లన్నీ మూసి, లోకో ఎక్కి, స్టార్ట్ చేశాడు. ముందు ఒక గట్టి దెబ్బ వినిపించింది. ఇంజిన్ అయినా అందుకుంది, కుంటుతూ తిరిగింది. నిమిషం లోపే రాడ్డు విరిగి, ఇంజిన్ పక్కను పగలగొట్టుకుని బయటికొచ్చింది. వేడి నూనె గోడ దాకా చిమ్మింది. మస్తాన్ కిటికీలోంచి దూకాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ తరం ఇంజిన్ల సీలు రింగులు కారుతున్నాయని, మరో ఊళ్ళో ఇలాగే నీళ్ళు దిగాయని, కస్టమర్ల దగ్గర ప్రస్తావించవద్దని హెడ్డాఫీసు నుంచి నాకు నెలరోజుల కిందటే ఉత్తరం వచ్చింది. అది నా బల్ల సొరుగులో ఉంది. మస్తాన్ కాగితం చూపించినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఉత్తరమే. తెలియక చేసిన తప్పయితే ఇంత కాలం నన్ను తినేది కాదు.

రిపోర్టు

సర్వీస్ హెడ్ చెడ్డవాడని చెప్పను. చాలా తెలివైనవాడు. ఫోన్లో అంతా విని నిదానంగా అన్నాడు. బారింగ్ చేశారని రాస్తే, నీళ్ళెందుకు కనబడలేదని అడుగుతారు. కనబడ్డాయంటే ఎందుకు స్టార్ట్ చేశారని అడుగుతారు. రెండింటికీ జవాబు చివరికి మన రింగుల దగ్గరకే వెళ్తుంది. బారింగ్ చెయ్యలేదని రాస్తే ఇంకేమీ అడగరు.

నేను అలాగే రాశాను. ఆ కాగితం ముక్క అప్పటికి ఆరిపోయింది.

రిపోర్టు షెడ్డుకు వచ్చిన రోజు సత్తిరాజు గారు దాన్ని నిలబడే చదివారు. అందరూ ఉన్నారు. కళ్ళద్దాలు తీసి మస్తాన్ వైపు తిరిగారు.

"బారింగ్ చెయ్యకుండా తిప్పావట్రా?"

మస్తాన్ నా వైపు చూశాడు. నేను డ్రాయింగు మడతపెడుతున్నాను. అప్పటికే మడిచి ఉన్నదాన్ని విప్పి మళ్ళీ మడిచాను.

"అడుగుతున్నానురా. నేను నేర్పింది ఇదేనా?"

అతను ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"పనిముట్లు అక్కడ పెట్టి వెళ్ళిపో. నా పేరు ఎక్కడా చెప్పకు."

మస్తాన్ స్పానర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, వాటి కొక్కాలకు తగిలించి వెళ్ళిపోయాడు. తప్పు ఇంజిన్‌ది కాదని ప్లాంటువాళ్ళు నమ్మారు, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి నడిచాక మాకు రెండో ఆర్డరు వచ్చింది. నన్ను పెద్ద కుర్చీకి ఎక్కించి వేరే ఊరు పంపారు. ఆ తర్వాతి మెట్ల గురించి రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. కొత్తగా చేరిన ఇంజినీర్లకు బారింగ్ ఎంత ముఖ్యమో నేర్పడానికి ఈ విశాఖ కథనే వాడేవాళ్ళం. ఏటా నేనే చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా, ఆ నిర్లక్ష్యపు ఫిట్టరు మీద నాకు నిజంగానే కోపం వచ్చేది.

కంపెనీ అమ్ముడయ్యాక యాభై రెండేళ్ళకే ఉద్యోగం మానేసి మా ఊరు పెందుర్తి వచ్చేశాను. చరిత్ర పుస్తకం పార్సిల్లో వచ్చింది. ఆ పేజీ చదివినప్పుడు మొదటిసారి అది నాకు పరాయి వాడు రాసినట్టు కనబడింది.

ఫిషింగ్ హార్బర్

మస్తాన్‌ను వెతకడం కష్టం కాలేదు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజిన్లు బాగుచేసే మస్తాన్ భాయ్ అంటే ఎవరైనా చూపిస్తారు. గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టి స్టూలు తుడిచి ఇచ్చాడు. టీ తెప్పించాడు. వచ్చిన పని చెప్పాను. నిజం రాస్తాననీ, పేరుతో సహా రాస్తాననీ అన్నాను. అతను ఇంజెక్టరు ఒకటి విప్పుతూ విన్నాడు.

"ఆ రోజు నువ్వెందుకు మాట్లాడలేదు భాయ్?" అని అడిగాను. అడిగే హక్కు లేదని తెలిసే అడిగాను.

"మీరు సెప్తారనుకున్నాను సార్."

ఇంజెక్టరును గుడ్డతో తుడుస్తూ మళ్ళీ అన్నాడు. "ఆ సందేళ దాకా సూసాను. మర్నాడూ సూసాను. తర్వాత నాను సెప్పినా సాకు సెప్పినట్టే ఉంటది. ఎవులు నమ్ముతారు?"

"క్షమించమని అడగడానికి..."

"నా తిండికి లోటు లేదు సార్. ఇక్కడ సేపలు పట్టేవోళ్ళు నన్ను ఒగ్గరు. నాకేటీ సెప్పక్కర్లేదు, నాను సేసిందేటో నాకు తెలుసు కదా?" ఇంజెక్టరు బల్ల మీద పెట్టాడు. "ఉస్తాద్‌కి తెలీదు. మా పెద్దమ్మాయి నిఖాకి పిలుద్దామని కార్డు ఒట్టుకెళ్ళాను. గుమ్మంలోంచే పొమ్మన్నారు. మీరు పుస్తకంలో రాత్తారో పేపర్లో రాత్తారో మీ ఇష్టం. ముందు ఆయనకి సెప్పండి. ఉన్నారు ఇంకా, కూర్మన్నపాలెంలోనే."

నిజానికి రాసేసి అచ్చులో పెట్టడం నాకు సులువు. ఎదురుగా ఎవరూ ఉండరు. అతను అడిగింది అది కాదు.

కూర్మన్నపాలెం

సత్తిరాజు గారికి ఎనభై దాటాయి. షెడ్డు మోతకు చెవులు దెబ్బతిన్నాయి, గట్టిగా చెప్పాలి. నేను చేసినదంతా ఆయన ముందు అరిచినట్టు చెప్పాల్సి వచ్చింది. కాగితం ముక్క, సొరుగులో ఉత్తరం, ఫోను, రిపోర్టు. పక్కింటి వాళ్ళు కూడా విని ఉంటారు. వినాల్సిందే.

ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"బారింగ్ చేశాడా?"

"చేశాడండి."

"కాగితం పెట్టాడా?"

"పెట్టాడండి. నాకు చూపించాడు. మిమ్మల్ని పిలుస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

"ఆడు నా గుమ్మం దాకా వచ్చాడండి. కూతురి పెళ్ళని." ఆయన గుమ్మం వైపు వేలు చూపించారు. "తలుపేసేశాను. నేను నేర్పిన వాళ్ళలో ఇంజిను అర్థమైనోడు ఆడొక్కడే. ఆణ్ణి ఇన్నేళ్ళు నాతోనే తిట్టించారు గదండీ ఇంజినీరు గారూ. తమరు నా చేత చేయించారండి ఈ పని."

ఆయన ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు.

"ఆడి నంబరు నొక్కండి."

నొక్కి, స్పీకరు మీద పెట్టి, సౌండు పెంచి, ఆయనకిచ్చాను. అవతల ఇంజిన్ మోత, దాని మీదుగా మస్తాన్ గొంతు. "ఎవులండీ?"

సత్తిరాజు గారు ఫోన్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"ఏరా, ఏ ఇంజిను మీదున్నావ్?"

అవతల చాలాసేపు ఇంజిన్ చప్పుడే.

"ఉస్తాద్?"

"ఆయ్, నేనే. ఏ ఇంజినురా?"

"బోటుదండీ. ఆరు సిలిండర్లు. స్పీడు ఒకచోట నిలబడ్డంలేదు. ఎక్కుతంది, దిగుతంది."

"గవర్నరు చూశావా?" ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచేది అదే.

"సూసానండి. పిన్నులు కూడా మార్సీసాను."

"నువ్వు మార్చింది నేను నమ్మన్రా. ఫోను ఇంజిను దగ్గర పెట్టు."

ఆ చిన్న గది నిండా ఇంజిన్ మోగింది. పైకెక్కుతూ, దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ. సత్తిరాజు గారు ఫోన్‌ను చెవికి అదిమిపెట్టి కళ్ళు మూసుకున్నారు. నాకు తెలిసిపోయింది. డీజిలు గొట్టంలో గాలి చేరింది. చెప్పబోయాను. ఆయన ముందే అన్నారు.

"గాలి పట్టిందిరా లైన్లో. ఫిల్టరు దగ్గర నట్టు వదులుగా ఉంటది, చూడు."

"సూత్తన్నానండి... ఉండండి, పెట్టీకండి ఫోను."

"నేనెందుకు పెట్టేస్తాను? నువ్వు చూడు."

నన్ను ఇద్దరూ మరిచిపోయారు. నేను లేచి గుమ్మం దాటి చెప్పులు వేసుకున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు. లోపల ఆయన తిట్టడం మొదలుపెట్టారు, అవతలి నుంచి మస్తాన్ నవ్వు వినిపించింది. నేను వీధిలోనే నిలబడి, ఆ ఇంజిన్ ఊగడం మానేసి ఒక్క తీరున తిరిగేదాకా విన్నాను.